పాడ్యమి పొద్దున లేవని పేజీ

ఆదోనిలో శ్రీకర్ అంగట్లో అర్చన గెలిచిన జగడం నేను నా కళ్లతో చూశాను. కంటి అద్దాలు మార్పించుకునే పని పడి, ఆ రోజు ఎమ్మిగనూరు నుంచి ఆ పిల్లతో పాటే బస్సెక్కాను కాబట్టి చూశాను. వాళ్లూ వీళ్లూ చెప్పింది విని రాసే అలవాటు నాకు లేదు.

శ్రీకర్‌ది పత్తి, ధాన్యం కమీషన్ వ్యాపారం. తాతల నాటి అంగడి. కౌతాళం, హాలహర్వి రైతులు పొద్దున లేచి ఫోన్లో ఆ రోజు ధర చూసుకొని సరుకు బండికెత్తుకునేలా ఆయన ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టించాడు. ఆ పేజీ రాసినవాడు హైదరాబాదులో ఉంటాడు. దాన్ని నడిపించే మిషన్, సర్వర్ అంటారు దాన్ని, అంగడి వెనక గదిలో ఉంటుంది. పాత మిషన్ చెడిపోతే కొత్తది తెచ్చి బిగించే పని అర్చనకిచ్చాడు. ఆమె బిగించి వచ్చింది. హైదరాబాదు మనిషి అక్కడి నుంచే తన రాతలన్నీ అందులోకి పంపాడు. మర్నాడు పేజీ తెరుచుకోలేదు. తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? దగ్గరగా ఉన్న నెత్తిన పడుతుంది.

మేము మెట్లెక్కేసరికి శ్రీకర్ ఫోను స్పీకర్లో పెట్టుకుని ముఖం ఎర్రగా చేసుకుని ఉన్నాడు.

"ఏమ్మా, నువ్వు పెట్టిన మిషనే గదా ఇది? పొద్దున్నించి రైతులు ఫోను మీద ఫోను. ధర సెప్పీ సెప్పీ నా గొంతు పాయె."

"మిషన్ బాగుందన్నా."

"బాగుంటే పేజీ యాడమ్మా?"

ఫోనులోంచి హైదరాబాదు మనిషి అందుకున్నాడు. "సార్, నా రాతలో తప్పేం లేదు. నా మిషన్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. లోకల్ వాళ్లతో బిగించుకుంటే ఇలాగే ఉంటుంది మరి."

లోకల్ వాళ్లు అనే మాట వినగానే అర్చన కాలు ఆడటం ఆగిపోయింది. ఆ పిల్ల కాలు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. ఆగిందంటే ఎవరికో మూడిందని లెక్క.

"నీ మిషన్‌లో నడుస్తాంటే ఆ మిషన్ నెత్తిన పెట్టుకోని వచ్చి ఈడ దించప్పా. రైతులు దాన్నే సూసుకుంటారు," అంది.

వాకిట్లో బస్తాలు దించుతున్న హమాలీలు నవ్వారు. శ్రీకర్‌కు కూడా నవ్వు రాబోయి ఆగింది. అర్చన తెరను ఆయన వైపు తిప్పింది. దాని నిండా ఇంగ్లీషు అక్షరాలు చీమలబారుల్లా ఉన్నాయి.

"పైనుంచి సదవాకన్నా. అట్ల సదివితే తల తిరుగుతాది. అడుగున ఆఖరి గీత సదువు. గట్టిగా సదువు, ఫోనులో ఆయప్పకు గూడా ఇనపడల్ల."

శ్రీకర్ బీకాం చదివినవాడు. అద్దాలు సర్దుకుని చదివాడు. "మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. నో మాడ్యూల్ నేమ్డ్..." ఆ తర్వాత ఏదో పేరు. "అంటే ఏమి?"

"అంటే ఏం లేదన్నా. ఈ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసేటోళ్లు అన్నీ తామే రాయరు. తేదీల పనికొకటి, పట్టికల పనికొకటి, ముందే ఎవురో రాసిపెట్టిన మూటలు తెచ్చుకుంటారు. ఆ మూటను మాడ్యూల్ అంటారు. ఈయప్ప తన రాతలు పంపినాడు, మూటలు పంపలేదు. ఆయప్ప మిషన్‌లో మూటలు ముందునుంచే ఉండాయి, అందుకే ఆడ నడుస్తాంది. ఈడ లేవు, నడవలేదు. ఇప్పుడు సెప్పు, తప్పు మిషన్‌దా, లోకల్ వాళ్లదా?"

 ఫోను, "లిస్టు పెట్టినట్టే గుర్తు," అని గొణిగింది.

"గుర్తుంటే సాలదప్పా, మూట ఉండల్ల."

మా కోసం తెప్పించిన టీ చల్లారక ముందే ఆమె ఆ మూటలేవో దింపి బిగించింది, పేజీ తెరుచుకుంది. శ్రీకర్ కుర్చీ చూపించి, "కూచోమ్మా, కూచో," అన్నాడు. కూర్చోలేదు. నిలబడే ఫోను దగ్గరికి వంగి, "హైదరాబాదన్నా, నీ ఇంట్లో నడిచేది నడక గాదు. నువ్వు లేని తావున నడిస్తేనే నడిచినట్టు," అని చెప్పి మెట్లు దిగింది. బస్టాండు దాకా ఆమె వెనక నేను పరుగెత్తవలసి వచ్చింది. నా కంటి అద్దాల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ మాట తిరిగి తన మీదికే వస్తుందని ఆ పొద్దు ఆమెకు తెలియదు. నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

అర్చన మా వీధి పిల్ల. నేతగాడు రామాంజి కూతురు. రామాంజి మా ఇంట్లోనే నేసేవాడు. మా ముందు సాలలో ఒకప్పుడు నాలుగు గుంత మగ్గాలు ఆడేవి. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గాలు. ఇప్పుడు రెండే ఉన్నాయి. రామాంజి భుజం పట్టేసి మగ్గం దిగాక ఆయన గుంత మీద పలకలు పరిచాం. బెంగళూరులో మూడేళ్లు ఏదో కంపెనీలో చేసి తిరిగొచ్చిన కూతురు సరిగ్గా ఆ పలకల మీదే తన బల్ల వేసుకుంది. వాళ్లింట్లో చోటు లేదు, టీవీ మాత్రం ఉంది. ఎందుకొచ్చేసినావే అంటే ఒక రోజు, "ఆడ గాలి పడలేదవ్వా," అంది. ఇంకో రోజు, "ఆడ గాలి ఎక్కువైందవ్వా," అంది. మూడోసారి నేను అడగలేదు.

ఆ పిల్లకు కూర్చోవడం రాదు. కూర్చుంటే కాలు ఆడుతుంది. కాలు ఆడితే పలకల కింద బోలు గుంత డోలులా మోగుతుంది. పక్కన నేతకు నూలు కండెలు చుట్టుకుంటూ నేను ఆ మోత రోజంతా వినాలి. మగ్గం మోతకు ఒక తూకం ఉంటుంది, ఆ మోతలో మనిషి కునుకు కూడా తీస్తాడు. ఈ కాలి మోతకు తూకం లేదు. ఉగ్గాని పళ్లెంలో పెట్టిస్తే రెండు ముద్దలు నోట్లో వేసుకుని లేస్తుంది, వాకిలి దాకా పోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ తెర చూస్తుంది.

"కూచోని తినే. ఆ గుంతలో దయ్యముందా నీకు?"

"ఉందవ్వా. ఎర్రర్ అంటారు దాన్ని."

తప్పు వచ్చినప్పుడు ఆఖరి గీత ముందు చదివి, అక్కడి నుంచి పైకి ఒక్కో గీతా పట్టుకుని పోతుంది. పోగు తెగినప్పుడు మేమూ అంతే. బట్ట మీద కనబడిన చోట తప్పు ఉండదు, పోగు పట్టుకుని వెనక్కి, పడుగు చుట్టిన దోనె దాకా పోవాలి. నేను మూడో తరగతి దాకానే చదివాను కానీ ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా నేత సంఘానికి పేజీ రాసింది ఈ అర్చనే. అమావాస్య నాడు మా దగ్గర మగ్గం ఆడదు. మా అమ్మ నాడూ ఆడలేదు, ఇప్పుడూ ఆడదు. అందుకని ముందు రోజే అందరూ బట్ట కోసి సంఘానికి తెస్తారు. అమావాస్య నాడు ఉదయాన్నే ఫోటోలు తీసి సిద్ధం చేసుకుంటారు. పాడ్యమి పొద్దున పది గంటలకు పేజీ తెరుచుకుంటుంది. బెంగళూరు, పూణే వాళ్లు కాచుకుని ఉండి కొంటారు. పది గంటలకు తెరుచుకోకపోతే పదిన్నర దాకా కాచుకునే ఓపిక ఎవరికీ లేదు, వేరే అంగడి చూసుకుంటారు. ఆ పేజీలో ప్రతి చీర కింద నేసిన మనిషి పేరు ఉంటుంది. మా కోడలు రాజశ్రీ పేరు మొదటిసారి అక్కడ చూసినప్పుడు నేను అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. యాభై ఏళ్లు నేసినా నా పేరు ఏ చీర మీదా పడలేదు.

ఆ పేజీ నడిపే మిషన్ సంఘం వెనక గదిలో, బీరువా పక్కన ఒక నల్ల డబ్బా. మొదటి పాడ్యమి బాగా జరిగింది. రెండో పాడ్యమి పొద్దున పేజీ లేవలేదు. సంఘం గుమాస్తా తిమ్మయ్య ఫోను చేస్తే అర్చన పరుగెత్తింది, మిషన్ ముందు కూర్చుని తన పేరుతో లోపలికి పోయి చేత్తో లేపింది. లేచింది. "కరెంటు పోయి ఆగినట్టుంది," అనుకుంది. బ్యాటరీ పెట్టించింది. మూడో పాడ్యమి మళ్లీ లేవలేదు. ఈసారి ఏడు దాటగానే చూసుకుని, ఎవరికీ చెప్పకుండా, మా గుంత మీద కూర్చుని లాప్‌టాప్ నుంచే లేపింది. నేను వాకిలి ఊడుస్తూ చూశాను. పదింటికి అంతా సవ్యంగా జరిగింది. సంఘం పెద్ద గోవిందన్న, "బ్యాటరీ పెట్టినాక సూడు, ఎంత బాగుందో," అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. అర్చన ఆ మెప్పు తీసుకుని ఇంటికొచ్చింది. ఆ రోజు పలకలు మోగినంత మోత నేను ఎన్నడూ వినలేదు.

ఈ లోపల శ్రీకర్ ఊరికే కూర్చోలేదు. వ్యాపారస్తుడు ఎందుకు కూర్చుంటాడు? తానూ బట్టల పేజీ ఒకటి మొదలుపెట్టి గోవిందన్న దగ్గరికొచ్చాడు. మీ బట్ట నాకివ్వండి, నా పేజీలో పెడతాను, మిషన్లు చూసుకునే తంటా మీకు వద్దు అన్నాడు. పేర్లు పెడతావా అని ఎవరో అడిగితే, పేజీలో చోటు తక్కువ, అంగడి పేరు ఒకటి చాలు అన్నాడు. గోవిందన్న చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఇంకొక్క పాడ్యమి సూద్దాం. ఆ పొద్దు మళ్లీ పడిందంటే శ్రీకర్‌కు ఇచ్చేస్తాం," అన్నాడు. ఆ నాలుగో పాడ్యమికి తానే వచ్చి చూస్తానని శ్రీకర్ చెప్పిపోయాడు.

నాలుగో పాడ్యమి. పొద్దున ఏడున్నర. అర్చన తల కూడా దువ్వుకోకుండా వచ్చి బల్ల ముందు నిలబడింది. తెరలో ఆఖరి గీత చూసింది. నాకు ఇప్పుడు ఆ గీత రూపం తెలుసు. శ్రీకర్ అంగట్లో చూసిన గీతే.

"మాడ్యూల్ లేదంటాంది," అంది. "లేకపోవడమేమి? నిన్న మొన్నటి దాకా ఉంది. నేను లేపితే దొరుకుతాది. నేను లేపకపోతే దొరకదు."

"నీ మొహం సూసి దాక్కుంటాందేమో."

"ఊరుకో అవ్వా."

"ఊరుకుంటా గానీ ఒకటి అడుగుతా. ఇది ప్రతిసారీ అమావాస్య మర్నాడే పడుతుందెందుకు? మిగతా దినాల్లో ఎందుకు పడదు?"

కాలు ఆగింది. నా వైపు చూసింది. తర్వాత లాప్‌టాప్‌లో ఏదో తెరిచింది. మిషన్ ఎప్పుడు పడుకుందీ ఎప్పుడు లేచిందీ అది తానే రాసుకుంటుందట. "నిన్న పొద్దున ఆరుకు ఆగింది. ఈ పొద్దున ఏడుకు లేచింది. కరెంటు పోయి ఆగింది గాదవ్వా. ఎవురో మీట నొక్కి పద్ధతిగా ఆపినారు."

సంఘం మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆమె చెప్పులు మరిచిపోయి పోయింది, నేను వెనక చెప్పులు పట్టుకుని పోయాను. తిమ్మయ్య వెనక గదిలో ఊదువత్తి వెలిగిస్తున్నాడు. నల్ల డబ్బాకు మూడు విభూతి గీతలు, పైన ఒక కనకాంబరం దండ.

"మామా, నిన్న ఈ మిషన్ ఎవురు ఆపినారు?"

"నేనే."

"నువ్వా? ఎందుకు?"

తిమ్మయ్య ఆమె వైపు వింతగా చూశాడు. "నిన్న అమావాస్య గదమ్మా."

"అయితే?"

"అయితే ఏంది? మగ్గం ఆడని దినం ఇది మాత్రం ఆడల్లా? మా పొట్ట నింపేది ఇదే గదా ఇప్పుడు. ఒక్క దినమన్నా ఇశ్రాంతి ఇయ్యల్ల. పద్ధతిగా ఆపి, తుడిసి, పూజ సేసి, మర్నాడు మంచి యాల సూసి యేస్తాండా. రెండో నెల్నుంచీ ఇంతే. బసమ్మక్కా, నువ్వే సెప్పు, తప్పా?"

నన్నెందుకు లాగడం? ఆ గది తాళం నా దగ్గరుంటే నేనూ అదే చేసేదాన్ని.

అర్చన పడిపోయినట్టు గోనెసంచి మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వు బాగాలేదు. "తప్పు నీది గాదు మామా. ఆపితే లేవని మిషన్ పెట్టిన దాన్ని, నాది తప్పు."

అప్పుడు నాకు చెప్పింది. మిషన్ తనంతట తాను నిద్ర లేచినప్పుడు పేజీని కూడా తానే లేపాలని చూస్తుంది. కానీ అర్చన మూటలన్నీ తన పేరు మీద ఉన్న అరలో దించుకుంది. ఆమె పేరుతో లోపలికి పోయి లేపితే ఆ అర తెరుచుకుంటుంది, మూటలు దొరుకుతాయి. మిషన్ తన పేరుతో లేస్తే ఆ అర దానికి కనబడదు. వెతుకుతుంది, లేవు అంటుంది, పడిపోతుంది.

"కండెల బుట్ట నీ ఇంట్లో పెట్టుకున్నావు," అన్నాను. "నువ్వు మగ్గం మీద కూచుంటే బుట్ట నీ పక్కనే ఉంటాది. నువ్వు లేని పొద్దు ఇంకొకరు కూచుంటే పడుగు ఉంది, అటూ ఇటూ ఆడే నాడె ఉంది, నాడెలో పెట్టను నూలు కండె లేదు. ఏం నేస్తారు?"

ఆమె నా వైపు అట్లాగే చూసింది. "అంతే అవ్వా. అచ్చం అంతే."

గంట తొమ్మిదయింది. ముందు గదిలో గోవిందన్న గొంతు వినబడింది, ఆ వెనక శ్రీకర్ గొంతు. కూర్చుని సరిదిద్దే సమయం లేదు. తిమ్మయ్య ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఈ పొద్దుకు ఎట్లో లేపమ్మా. నీ కాళ్లు మొక్కుతా. ఎవురికీ సెప్పను. నువ్వు సేత్తో లేపినావని గూడా సెప్పను." చేత్తో లేపడం ఆమెకు ఒక నిమిషం పని. లేపింది. పది కొట్టేసరికి పేజీ తెరుచుకుంది, చీరలు ఒక్కొక్కటే పోవడం మొదలయింది. గోవిందన్న ముఖం వెలిగింది.

"సూసినావా శ్రీకరప్పా? మా పిల్ల పెట్టింది పడలేదు."

అక్కడ ఆమె తలూపి ఊరుకుంటే అయిపోయేది. నేను గోడకానుకుని చూస్తూనే ఉన్నాను. ఆమె కాలు మెల్లగా ఆగింది.

"పడింది గోవిందన్నా," అంది. "నేను లేపినా. పోయిన నెలా నేనే లేపినా, సెప్పలేదు. బ్యాటరీ వల్ల గాదు. అమావాస్యకు మామ ఆపితే మర్నాడు అది తనంతట లేవదు. శ్రీకరన్న అంగట్లో హైదరాబాదాయన సేసిన తప్పే నేనూ సేసినా. నా పేరుతో నడుస్తాది, నేను లేకుంటే నడవదు."

శ్రీకర్ వదులుతాడా? "నీ ఇంట్లో నడిచేది నడక గాదంటివే అమ్మా? నువ్వు లేని తావున నడవల్లంటివే?"

"అంటినన్నా. ఆ మాట నాదే. ఈ పొద్దు నాకే తగిలింది."

ఓడినదాన్ని శ్రీకర్ తొక్కుదామంటే ఆమె తానే కింద కూర్చుని ఉంది. గోవిందన్న తువాలు భుజం మార్చుకుని, మార్చుకుని, చివరికి తీర్పు చెప్పాడు. వచ్చే అమావాస్యకు తిమ్మయ్య ఎప్పటిలాగే మిషన్ ఆపుతాడు, ఆ పద్ధతి మార్చేది లేదు. పాడ్యమి పొద్దున ఏడుకు తానే వేస్తాడు. అర్చన ఆ పొద్దు సంఘం గడప తొక్కకూడదు. పది గంటలకు పేజీ తనంతట తాను తెరుచుకుని ఉంటే ఎప్పటికీ ఆమెదే. లేకుంటే ఆ పొద్దు నుంచే శ్రీకర్‌ది. అందరూ సరే అన్నారు. అర్చన కూడా సరే అంది.

ఆ నెల మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. ఆమె పేజీకి దాని సొంత అర ఒకటి కట్టింది. మూటలన్నీ అక్కడికి మార్చింది. ఏ మూట, ఎన్నో రకం అని వరసగా రాసిపెట్టింది, రకం మారినా నడవదట. మిషన్ నిద్ర లేవగానే ఫలానా వీధి, ఫలానా ఇల్లు, ఫలానా అర అని పూర్తి చిరునామాతో చూసుకునేట్టు రాసింది. ఇక అయిపోయిందని లేచి ఒళ్లు విరుచుకుంది. పాత లాప్‌టాప్ ఒకటి పెట్టుకుని దాన్ని ఆపి, వేసి చూసింది. ఆఖరి గీతలో ఇంకో పేరు. దాన్ని సరిచేసింది. ఇంకో పేరు. చివరికొచ్చిన పేరు తాను రాసుకున్న ఫైలుదే. ఆమె ఎప్పుడూ ఆ ఫైలున్న ఫోల్డర్లో నిలబడి లేపేది కాబట్టి పక్కనే దొరికేది. మిషన్ వేరే చోట నిలబడి లేపుతుంది, దానికి దొరకలేదు.

"నీ ఫైలు నీకే కనపడలేదా?" అన్నాను.

"నాకు కనపడుతుందవ్వా. అదే రోగం. అన్నీ నాకు కనపడుతాయి."

పదిహేను రోజులకు పాత లాప్‌టాప్‌లో పేజీ తనంతట తాను లేచింది. తర్వాత సంఘం మిషన్‌లో కూడా ఒక మధ్యాహ్నం తిమ్మయ్యను ఒప్పించి ఆపించి, వేయించింది. లేచింది. తిమ్మయ్య కొబ్బరికాయ కొడతానన్నాడు. ఈమె కొట్టనివ్వలేదు. "నేను గదిలో ఉండగా లేచింది. నా లాగిన్ అప్పటికే తెరిసి ఉండిందేమో. నమ్మను," అంది. ఇంటికొచ్చి మళ్లీ మొదటి గీత నుంచి చదువుకుంది. వాళ్లమ్మ అన్నానికి పిలిస్తే, "వస్తాండా," అంటుంది, రాదు. ఒక పూట రామాంజి వచ్చి కూతురి వెనక నిలబడి, తన పాత గుంత మీద మోగుతున్న పలకలు వింటూ కాసేపుండి పోయాడు. రాజశ్రీ మగ్గం మీద కూర్చుని, "అర్చనా, నీ కాలికి ఒక నాడె కట్టరాదే, దినానికో చీర దిగుతుంది," అంటే నవ్వింది. నవ్వుతూనే లేచి వాకిలి దాకా పోయింది.

మిషన్ గురించి కాదు, తన గురించి ఆమెకు భయం పట్టుకుందని నాకు తెలుస్తూనే ఉంది. అడగలేదు. చెప్పే మనిషి చెప్పినప్పుడే చెబుతుంది.

చతుర్దశి సాయంత్రం. వీధిలో అందరూ బట్ట కోసి సంఘానికి తీసుకుపోతున్నారు. రాజశ్రీ కూడా పోయింది. అర్చన లోపలికొచ్చింది, కూర్చోలేదు. చేతిలో పాత చీర గుడ్డలో చుట్టిన మూట. నా ఒళ్లో పెట్టింది. బరువుగా ఉంది, ఒక అంచున కాస్త వెచ్చగా ఉంది. విప్పి చూస్తే లాప్‌టాప్‌లు రెండూ, వాటి మీద ఆమె ఫోను.

"ఏమే ఇది?"

"అవ్వా, ఒక పని సేయల్ల నువ్వు."

"సెప్పు."

"రేపు తిమ్మయ్య మామ ఆపుతాడు. ఎల్లుండి ఏడుకు యేస్తాడు. గోవిందన్న గడప తొక్కాకన్నాడు, తొక్కను. గానీ గడప తొక్కకుండానే లేపొచ్చు నేను. ఈ బల్ల మీంచే లేపొచ్చు. మూడో పాడ్యమికి అట్లనే లేపినా."

"సూసినా."

"సూసినావా?" నా వైపు తిరిగింది. "సూసి ఎవురికీ సెప్పలేదే?"

"అడిగినోళ్లు లేరు."

ఆమె పలకల మీద అటూ ఇటూ నడిచింది. గుంత మోగింది. "ఎల్లుండి ఏడుంబావుకు పేజీ లేవలేదనుకో, నేను ఊరుకోలేనవ్వా. నాకు తెలుసు నా సంగతి. నా చెయ్యి నా మాట ఇనదు. ఒక్క నిమిషం, లేపేస్తా. అందరూ గెలిసినావంటారు. పేర్లు నిలబడతాయి, రాజశ్రీ అక్క పేరు, అందరి పేర్లూ. ఆనక వచ్చే అమావాస్యకు మళ్లీ నేనే లేపల్ల. ఆ పై అమావాస్యకూ నేనే. బతికినన్నాళ్లూ. అది నడిసిందో, నేను నడిపించినానో ఎప్పటికీ తెలీదు నాకు."

"లేవకపోతే?"

"లేవకపోతే లేవదు. శ్రీకరన్నకు పోతాది." వంగి నా ఒళ్లో మూట మళ్లీ కట్టింది. "ఇది పట్టుకో. యాడన్నా దాసిపెట్టు. నాకు తెలిసే తావున పెట్టాకు. యాడ పెట్టినావో సెప్పాకు. ఎల్లుండి పది కొట్టిందాకా ఇయ్యాకు. నేను వస్తా. అడుగుతా. ఏడుస్తా. తిడతా గూడా, ముసిల్దానా అంటా."

"ముసిల్దానా అంటే పళ్లు రాలగొడతా."

"రాలగొట్టవ్వా. గానీ ఇయ్యాకు."

నేను మూట ఎత్తుకుని లేచి, ఎక్కడ దాస్తానో చూడకుండా ఆమెను వాకిలి దాటి పొమ్మన్నాను.